డాక్టరు కాగితం ఎక్కడి నుంచి వచ్చింది?

పుట్టినప్పుడు మగబిడ్డగా రాసినా తాను స్త్రీనని చెప్పుకునే ట్రాన్స్ మహిళను 'స్త్రీ' అనవచ్చా అన్న పేచీ మళ్లీ మొదటికొచ్చింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో అత్తింటివారి వాదనల్లో ఒకటి ఇది: కోడలు ట్రాన్స్ మహిళ, ఆమెకు పిల్లలు పుట్టరు, కాబట్టి స్త్రీ కాదు, భర్త, అత్తింటివారు పెట్టే హింసను శిక్షించే ఐపీసీ 498ఏ సెక్షన్ కింద ఆమె ఫిర్యాదు చెల్లదు. కోర్టు ఈ మాట ఒప్పుకోలేదు. పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు ఆ సెక్షన్ రక్షణ ఉంటుందని చెప్పింది. ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని కేసును మాత్రం కొట్టేసింది. విశాఖలో జరుగుతున్న చర్చల్లో ఈ రెండో సంగతే ఎక్కువగా వినిపిస్తోంది. అడగాల్సింది మొదటిదాని గురించి: కాన్పును స్త్రీత్వానికి కొలబద్ద చేసిందెవరు?

స్త్రీత్వం పుట్టుకతో రాదు, సమాజమే తయారుచేస్తుందన్న ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా వాదన 1949 నాటిది, అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవకు దగ్గరి చుట్టం 1976లో ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో స్వలింగ సంబంధాల గురించి చెప్పిన మాట. పాత చట్టాలు శిక్షించింది ఒక పనిని. పంతొమ్మిదో శతాబ్దపు వైద్యం ఆ పని చేసినవాణ్ణి ఒక 'రకం' మనిషిగా మార్చింది. ఇందుకు ఫూకో చూపిన గుర్తు 1870 నాటి ఒక జర్మన్ మనోవైద్యుడి వ్యాసం.

ఆ మరుసటి ఏడాదే మన దేశంలో ఆ 'రకం' రిజిస్టరుకెక్కింది. బ్రిటిష్‌వారి 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో రెండో భాగమంతా నపుంసకుల గురించే. తానే ఒప్పుకున్నా, వైద్య పరీక్షలో తేలినా లైంగిక సామర్థ్యం లేని మగవాడు నపుంసకుడన్నది దాని నిర్వచనం. పిల్లల్ని ఎత్తుకుపోతారని, 'ప్రకృతి విరుద్ధ' సంభోగాన్ని శిక్షించే ఐపీసీ 377 సెక్షన్ కింది నేరం చేస్తారని అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు రాసుకున్నారు. రిజిస్టరులో పేరున్నవారు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ఇంట్లో పదహారేళ్లలోపు మగపిల్లాణ్ణి ఉంచుకున్నా అదే శిక్ష. వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు. చీర కట్టడం, నాట్యం చేయడం, బిడ్డను పెంచడం ఒక్కొక్కటీ నేరానికి ఆనవాలైపోయాయి. నా లెక్కలో మలుపు ఇదే.

ఆ చట్టం మొదట వచ్చింది ఉత్తరాదికి. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో (1919-20) అలాంటిదే తెచ్చారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసేసరికి 2023 జూలై వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న విశాఖకు నిజాం చట్టం వర్తించలేదు గానీ 377 భయం 2018 సెప్టెంబరు దాకా ఇక్కడా ఉంది.

లింగం మనం రోజూ చేసే పనుల్లోనే రూపుకడుతుందని 1990లో అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ చేసిన వాదనను చాలామంది పొద్దున్నే బట్టలు ఎంచుకోవడంలా చదివారు. ఆమె చెప్పింది దానికి పూర్తిగా విరుద్ధం: రోజూ తప్పనిసరిగా చేయిస్తూ చేయిస్తూ, తప్పితే శిక్షిస్తూ ఉంటే, అదే సహజమనిపిస్తుంది. గర్భం, భ్రూణహత్య ఒంటికి సంబంధించిన అణచివేతలేనని, అవి ఈ వాదనలో మరుగున పడతాయని కొందరు స్త్రీవాదుల ఆక్షేపణ. అది పట్టించుకోవలసిందే, కానీ దానికి విరుగుడు ఇంకొకరి ఒళ్లు పరీక్షించడం కాదు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో ఆ పరీక్షనే వద్దంది. ఎవరి లింగాన్ని వారే చెప్పుకోవచ్చు, శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధం అంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంది. అప్పుడు నాలుగో సెక్షన్‌లో స్వీయ గుర్తింపు హక్కు ఉండేది. 2020 నిబంధనల ప్రకారం ఫారం 1తో పాటు అఫిడవిట్ పెడితే, వైద్య పరీక్ష లేకుండా కలెక్టరు 30 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. కానీ అందులో ఉండిన మాట 'ట్రాన్స్‌జెండర్'. 'స్త్రీ' అనో 'పురుషుడు' అనో కావాలంటే ఏడో సెక్షన్ కింద మళ్లీ అర్జీ, శస్త్రచికిత్స జరిగిందని ఆస్పత్రి మెడికల్ సూపరింటెండెంటో చీఫ్ మెడికల్ ఆఫీసరో ఇచ్చిన కాగితం కావాల్సి వచ్చేది.

మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవారున్నారు. ఏడాదిగా అదే జిల్లాలో ఉంటున్నట్టు చూపాలని 2020 నిబంధనలు అడిగాయి. ఇంట్లోంచి గెంటేస్తే విశాఖ వచ్చి గాజువాకలోనో కంచరపాలెంలోనో ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకున్నవారికి అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? రాసిచ్చినా పదో తరగతి మెమోలో పాత పేరుంటుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆధార్, బ్యాంకు, మెమో ఒక్కొక్కటీ విడిగా మార్పించుకోవాలి. ఆలోగా ఉద్యోగం వస్తే రెండు పేర్లూ ఒక్కరివేనని రుజువు చేసుకుంటూ తిరగాలి.