అపోహలు – వాస్తవాలు: పిల్లల లెక్క గూటి దగ్గర మొదలవదు

వలస పక్షులను పట్టి, తూచి, కాలికి రింగు వేసి వదలడం నా పని. పిట్టను చేతిలో వెల్లకిలా పట్టుకుని మెల్లగా ఊదితే ఈకలు విడిపోతాయి. కొన్నింటికి మెడ కింది గుంట నిండా పసుప్పచ్చటి కొవ్వు ఉంటుంది. కొన్నింటికి గుంట ఖాళీ, రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగులుతుంది. ఆ తేడా వారం కిందట వచ్చింది కాదు.

అపోహ: పిల్లలు ఎన్ని ఎదుగుతాయన్నది గూడు కట్టే కాలంలోని వానలు, తిండిని బట్టే ఉంటుంది.

వాస్తవం: అమెరికన్ రెడ్‌స్టార్ట్ ఎనిమిది గ్రాముల పిట్ట. వీటిలో కొన్ని కరీబియన్ దీవి జమైకాలో చలికాలం గడిపి, గుడ్లు పెట్టడానికి ఉత్తర అమెరికా అడవులకు వెళతాయి. జమైకా మడ అడవుల్లో వానల్లేని నెలల్లోనూ తేమ ఉంటుంది, పురుగులు దొరుకుతాయి. ఎండు తుప్పల్లో ఉన్నవి మాత్రం వసంతానికి చిక్కిపోతాయి. ఏది ఎక్కడ గడిపిందో దాని కండలోని కార్బన్-13 (కాస్త బరువైన రకం కార్బన్) మోతాదు చెబుతుంది. 1998లో వెలువడిన పరిశోధనలో, తేమ ఉన్న అడవుల నుంచి వచ్చినవే ముందుగా, మంచి ఒంటితో చేరాయని తేలింది. ముందు చేరితే మంచి చోటు దక్కుతుంది, గూడు త్వరగా పడుతుంది, ఎక్కువ పిల్లలు ఎగురుతాయి. నన్ను బాధపెట్టేది ఒకటుంది: మగవి మంచి చోట్లు ఆక్రమించి ఆడవాటిని తుప్పల్లోకి తరుముతాయి. గుడ్లు పెట్టాల్సిన పక్షికే కరువు! గూళ్లున్న అడవిని మాత్రమే కాపాడితే ఈ లోటు తీరదు.

అపోహ: ఆకలి కాలం గట్టెక్కితే చాలు, దారిలో తిని కోలుకుంటాయి.

వాస్తవం: తిండి ఉంటే కోలుకుంటాయి, కానీ గడువు చిన్నది. రెడ్ నాట్‌లనే తీరపు వలస పక్షులు ఆర్కిటిక్‌లో గూడు పెట్టడానికి వెళుతూ, మే నెలలో అమెరికాలోని డెలావేర్ తీరంలో ఆగి, హార్స్‌షూ క్రాబ్ (గుర్రపు నాడా ఆకారపు సముద్ర జీవి) గుడ్లు తిని రెండు మూడు వారాల్లో బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. ఆ గుడ్లు తగ్గితే, ఆర్కిటిక్ వేసవి వాటి కోసం ఆగదు.

అపోహ: పిల్లప్పటి లోటు పెద్దయ్యాక పూడుతుంది.

వాస్తవం: కొవ్వు పూడుతుంది, ముక్కు పొడవు పూడదు. రష్యా ఆర్కిటిక్‌లో మంచు ముందే కరిగిన ఏళ్లలో, రెడ్ నాట్ పిల్లలు గుడ్డు పగిలి వచ్చేసరికి పురుగుల జోరు దాటిపోతుంది. అవి చిన్న ఒళ్లతో, పొట్టి ముక్కులతో ఎదుగుతాయి. తర్వాత వేల కిలోమీటర్లు ఎగిరి పశ్చిమ ఆఫ్రికాలోని మౌరిటానియా తీరంలో దిగుతాయి. అక్కడ మంచి ఆల్చిప్పలు బురదలో లోతుగా ఉంటాయి. పొట్టి ముక్కు అక్కడిదాకా దిగదు.