ఒకే ర్యాంకు, ఒకే పింఛను: 2015 నవంబరు 7న ఏం మారింది?

ఎనిమిదో వేతన సంఘం ఏర్పాటైన దగ్గర్నుంచి మాజీ సైనికుల్లో పాత చర్చ మళ్లీ రాజుకుంది. కొత్త వేతనాలు వచ్చాక రిటైరయ్యే జవానుకూ, ఇప్పటికే ఇంటికొచ్చేసిన జవానుకూ మధ్య ఏర్పడే పింఛను తేడాను ఎప్పుడు పూడుస్తారు? అయిదేళ్లకోసారి సవరించే ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ పథకం కింద 2029 జులై దాకా ఆగాల్సిందేనా?

1973లో మూడో వేతన సంఘం తర్వాత సైనికుల పింఛనుకు పడిన కోత, ఆ తర్వాతి వినతిపత్రాలు, 2009 నుంచి పతకాలను రాష్ట్రపతికి వాపసు చేయడం చాలాసార్లు చెప్పుకున్నవే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు. 2011కీ 2015కీ మధ్య ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ నిర్వచనం మారిపోయింది. చూడాల్సింది దాన్నే.

భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అందులోని నిర్వచనంలో రెండు భాగాలున్నాయి. ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసుతో రిటైరైన వాళ్లకు, ఏ తేదీన రిటైరైనా సరే, ఒకే పింఛను ఇవ్వాలన్నది మొదటిది. ఇకముందు పింఛను రేట్లు ఎప్పుడు పెరిగినా ఆ పెంపు పాత పింఛనుదారులకు దానంతటదే వర్తించాలన్నది రెండోది. ప్రాణమంతా ఈ రెండో భాగంలోనే ఉంది. సివిల్ ఉద్యోగి 60 ఏళ్ల దాకా జీతం తీసుకుంటాడు, ప్రతి వేతన సంఘం లాభమూ సర్వీసులో ఉండగానే అందుకుంటాడు. సైన్యం యువకులతో నిండి ఉండాలి కాబట్టి జవానును 35, 40 ఏళ్లకే పంపించేస్తారు. పిల్లలింకా బడిలో ఉండగానే అతని జీతం ఆగిపోతుంది. ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాలు పింఛనే ఆధారం. దేశం తన అవసరం కోసం పెట్టుకున్న నియమానికి మూల్యం జవాను చెల్లిస్తున్నాడు. అందుకే పెంపు ఆగకుండా అందాలన్నారు.

ఈ నిర్వచనాన్ని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 2014 ఫిబ్రవరి 17న మధ్యంతర బడ్జెట్లో చిదంబరం దీనికి 500 కోట్ల రూపాయలు ప్రకటించారు. అదే నెల 26న రక్షణ మంత్రి ఆంటోనీ జరిపిన సమావేశంలోనూ ఇదే నిర్వచనాన్ని తీసుకున్నారు. అంతకుముందు 2013 సెప్టెంబరులో రేవాడీ సభలో నరేంద్ర మోదీ ఈ డిమాండును ఎత్తుకున్నారు. అధికారంలోకి వచ్చాక 2014 జులై బడ్జెట్లో జైట్లీ 1,000 కోట్లు కేటాయించారు. ఆ డిసెంబరులో రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలోనూ ప్రభుత్వం అదే నిర్వచనం చెప్పింది.

అమలు మాత్రం కదల్లేదు. 2015 జూన్ 15న జంతర్‌మంతర్ దగ్గర రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు, ఆగస్టు 14న, పతకాలు ధరించిన వృద్ధులను పోలీసులు అక్కణ్నుంచి తోసేయబోయారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. సెప్టెంబరు 5న రక్షణ మంత్రి పారికర్ ప్రకటన చేశారు, నవంబరు 7న ఉత్తర్వు వెలువడింది.

ఆ ఉత్తర్వులో మొదటి భాగం అలాగే ఉంది. రెండో భాగం లేదు. పెంపు దానంతటదే వర్తించడానికి బదులు, పాత కొత్త పింఛన్ల మధ్య తేడాను ‘నిర్ణీత కాలవ్యవధుల్లో’ పూడుస్తామన్నారు. ఆ వ్యవధి అయిదేళ్లు. 2013లో రిటైరైన వాళ్ల కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటును ప్రాతిపదికగా తీసుకుని 2014 జులై 1 నుంచి వర్తింపజేశారు. సగటు కంటే ఎక్కువ వస్తున్నవాళ్ల పింఛను తగ్గించలేదు. అంటే ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నా పింఛన్లు వేరుగా ఉండటం మొదటిరోజే ఖాయమైంది.

ఇది ఇంట్లో ఎలా తగులుతుందో చూడండి. ఒకే రెజిమెంటులో 24 ఏళ్లు చేసిన ఇద్దరు హవల్దార్లు. ఒకరు 2012లో, మరొకరు 2017లో రిటైరయ్యారు. మొదటాయనకు 2014లో సగటు లెక్కన పింఛను కట్టారు. ఏడో వేతన సంఘం వచ్చాక దాన్నే 2.57తో హెచ్చించారు. రెండో ఆయనకు కొత్త జీతంలో సగం వస్తుంది, సాధారణంగా అదే ఎక్కువ. మొదటాయన పింఛను మళ్లీ సవరించే తేదీ 2019 జులై 1. అప్పటిదాకా నడిచిన తేడాకు బకాయి ఉండదు, అది పోయినట్టే. ఆ తేదీ కూడా దాటిపోయింది, కేంద్రం సవరణ చేయలేదు.

ప్రభుత్వ వాదన ఖర్చు, పరిపాలనా సాధ్యాసాధ్యాల గురించి. ఏటా సవరించడం కుదరదనీ, 2014 ఫిబ్రవరి ప్రకటనకు కేబినెట్ సిఫార్సు లేదనీ సుప్రీంకోర్టుకు చెప్పింది. 2022 మార్చి 16న కోర్టు ఇది విధాన నిర్ణయమంటూ అయిదేళ్ల పద్ధతిని సమర్థించింది. అయితే 2019 జులై నుంచి సవరించి మూడు నెలల్లో బకాయిలు కట్టమంది.

మూడు నెలలు గడిచాయి. కేబినెట్ ఆమోదం డిసెంబరు 23న గానీ రాలేదు. 25.13 లక్షల మందికి బకాయిల కింద 23,638 కోట్లు ఇవ్వాలని తేలింది. 2023 జనవరిలో రక్షణ శాఖ వాటిని నాలుగు వాయిదాల్లో ఇస్తామని లేఖ జారీ చేస్తే కోర్టు మండిపడింది. చివరికి కోర్టే వరుస నిర్ణయించింది: కుటుంబ పింఛనుదారులకు, శౌర్య పురస్కార గ్రహీతలకు ఏప్రిల్ నెలాఖరు, 70 దాటినవాళ్లకు జూన్ నెలాఖరు, మిగతావాళ్లకు 2024 ఫిబ్రవరిలోపు మూడు వాయిదాలు. ఈ మధ్యలో కన్నుమూసినవాళ్లు తమకు రావాల్సింది చూడకుండానే పోయారు.

ఆ సవరణ పట్టికా చిచ్చు పెట్టింది. ప్రభుత్వ అంచనా ప్రకారమే హవల్దార్ పింఛను 20,066 నుంచి 21,782కు, కల్నల్ పింఛను 92,855 నుంచి 1,03,700కు పెరిగింది. శాతంలో చూసినా హవల్దారుకు దక్కింది తక్కువే. 2023 ఫిబ్రవరిలో మాజీ జవాన్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) మళ్లీ జంతర్‌మంతర్ చేరడానికి కారణం ఇదే.

మూడో సవరణ 2024 జులై 1 నుంచి అమలైంది. తర్వాతిది 2029లో. ఈలోగా వేతన సంఘం సిఫార్సులు అమలైతే 2017 నాటి హవల్దార్ల కథే పునరావృతమవుతుంది, ఈసారి నష్టపోయేవాళ్లలో అప్పుడు లాభపడిన ఆ రెండో ఆయన కూడా ఉంటాడు. సుప్రీంకోర్టు అయిదేళ్ల వ్యవధి చెల్లుతుందని చెప్పిందే గానీ తగ్గించకూడదని చెప్పలేదు. కొత్త వేతనాలు అమల్లోకి వచ్చే తేదీనే పాత పింఛన్లనూ సమం చేస్తూ ఉత్తర్వు ఇవ్వడం పూర్తిగా కేంద్రం చేతిలో ఉన్న పని.