పొదుపుగా ఇల్లు నడపడం: అపోహలు - వాస్తవాలు

ఖర్చు తగ్గించాలనుకోగానే చాలా ఇళ్లలో ముందు లైట్లు ఆర్పుతారు, ఛార్జర్లు పీకేస్తారు, ఏ సరుకైనా అన్నిటికన్నా చవకది వెతుకుతారు. కంటికి ఎదురుగా ఉన్నవాటి మీదే చెయ్యి పడుతుంది. నిజంగా డబ్బు పోయేది వేడి చేయడంలో, చల్లబరచడంలో, కొన్నది పారేయడంలో. ఈ మూడింటినీ వదిలేసి చేసే పొదుపుతో ఇంట్లో చిరాకు పెరుగుతుంది తప్ప చేతిలో పెద్దగా మిగలదు. తరచూ వినిపించే కొన్ని నమ్మకాలను లెక్కలతో సహా చూద్దాం.

అపోహ: ఛార్జర్ ప్లగ్గులో వదిలేస్తే కరెంటు బిల్లు పెరిగిపోతుంది.

వాస్తవం: పెరుగుతుంది, ఏడాదికి ఒక్క యూనిట్ లోపు. ఈమధ్య వస్తున్న మంచి ఫోన్ ఛార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్‌కు మించి తీసుకోవు. ఏడాదిలో 8,760 గంటలకు లెక్కేస్తే 0.88 యూనిట్. ఇప్పుడు స్నానం సంగతి చూడండి. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. 20 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీలు పెంచాలంటే 2,100 కిలోజౌళ్లు. యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు కాబట్టి ఇది 0.58 యూనిట్. అంటే ఏడాది పొడవునా ఛార్జర్ తాగే కరెంటును రెండు బకెట్ల వేడినీళ్లు దాటేస్తాయి. అదే 0.58 యూనిట్‌తో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 64 గంటలు వెలుగుతుంది.

ఎవరూ లేని గదిలో లైటు ఆర్పడం మంచిదే, అందులో పోయేదేమీ లేదు. కాకపోతే పిల్లలను లైటు గురించి రోజూ కేకలేస్తూ షవర్ కింద పావుగంట నిలబడితే లెక్క తప్పినట్టే. షవర్ కింద బకెట్ పెట్టి ఒక నిమిషం నీళ్లు పట్టి కొలవండి. 8 నుంచి 10 లీటర్లు వస్తే పది నిమిషాల స్నానానికి నాలుగైదు బకెట్లు ఖర్చవుతున్నట్టు. నీటి ధార తగ్గించే షవర్ తల బిగించడం, స్నానం ఐదు నిమిషాల్లో ముగించడం, ఈ రెండూ చేసే మేలు ఇంట్లోని స్విచ్‌లన్నీ కలిపినా చేయవు.

అపోహ: గీజర్‌ను మాటిమాటికీ ఆపి వేసేకన్నా రోజంతా ఆన్‌లో ఉంచడమే చవక.

వాస్తవం: కాదు. ట్యాంకులోని నీళ్లు ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపు బయటికి వేడి పోతూనే ఉంటుంది. చల్లారిన నీటిని మళ్లీ వేడి చేయడానికి అయ్యే ఖర్చు, అంతసేపూ వేడిగా నిలిపి ఉంచే ఖర్చుకన్నా ఎప్పుడూ తక్కువే. స్నానానికి ముందు వేసి, కాగాక ఆపండి. ఒక్క జాగ్రత్త: పొదుపు పేరుతో ట్యాంకు గీజర్ థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకన్నా కిందికి దించకండి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

అపోహ: మంట పెద్దగా పెడితే వంట త్వరగా అయిపోయి గ్యాస్ మిగులుతుంది.

వాస్తవం: నీళ్లు మరిగేదాకా ఈ మాట కొంతవరకు నిజం, ఆ తర్వాత పూర్తిగా అబద్ధం. తెరిచిన గిన్నెలో మరుగుతున్న నీరు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. కింద మంట ఎంత పెంచినా అది 105 అవదు, ఆవిరి మాత్రం ఎక్కువ లేస్తుంది. లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 335 కిలోజౌళ్లు చాలు. అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 2,257 కావాలి, అంటే దాదాపు ఏడు రెట్లు. వంటింట్లో గ్యాస్ పారిపోయే దారి ఇదే. అందుకే గిన్నె మీద మూత పెట్టి, పొంగు రాగానే సిమ్‌లోకి దించండి. పైన చిన్న బుడగలు వస్తూ ఉంటే చాలు, ఉడుకు ఆగినట్టు కాదు. మంట గిన్నె అడుగును దాటి పక్కల నుంచి పైకి పాకుతుంటే ఆ పాకినదంతా గదిని వేడి చేయడానికే.

ప్రెజర్ కుక్కర్ విషయంలోనూ ఇదే సూత్రం. లోపల పీడనం పెరగడం వల్ల నీరు సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది, అందుకే పప్పుధాన్యాలు తొందరగా మెత్తబడతాయి. ప్రతి విజిల్‌కూ ఆ వేడి కొంత బయటికి పోతుంది. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, విజిళ్లు లెక్కపెట్టడం మాని నిమిషాలు చూసుకోండి. గింజలను ముందు రాత్రి నానబెడితే ఉడికే సమయం ఇంకా తగ్గుతుంది. రాజ్మా ఒక్కదానికి మాత్రం పొదుపు పనికిరాదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట కుతకుత ఉడికించాలి. మరగని వేడిలో, స్లో కుక్కర్ లాంటివాటిలో నేరుగా వండితే అందులోని లెక్టిన్ అనే విషపదార్థం విరగదు, వాంతులవుతాయి.

అపోహ: వంటసోడా, వెనిగర్ కలిపితే అన్నిటినీ శుభ్రం చేసే చవకైన మందు తయారవుతుంది.

వాస్తవం: బుసబుస పొంగుతుంది కాబట్టి ఏదో గట్టి పని జరుగుతోందనిపిస్తుంది. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. సీసాలో కలిపి దాచుకుంటే దాచుకున్నది ఆ నీళ్లే. విడివిడిగా వాడితే రెండూ బంగారం.

సోడాతో: అడుగంటిన గిన్నెలో మాడు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు రెండు పెద్ద చెంచాల సోడా వేసి పది నిమిషాలు మరిగించండి. చల్లారనిచ్చి చెక్క గరిటెతో గీకితే మాడు పొరలుగా లేస్తుంది. స్టీలు గిన్నెలకే ఇది, అల్యూమినియం అయితే నల్లబడుతుంది.

వెనిగర్‌తో: కెటిల్ అడుగున పేరుకున్న తెల్లని సున్నపు పొర పోవాలంటే సగం నీళ్లు, సగం వెనిగర్ పోసి మరిగించి, అరగంట వదిలి, రెండుసార్లు మంచినీళ్లు మరిగించి పారబోయండి. పాలరాయి మీద మాత్రం వెనిగర్, నిమ్మరసం పోయకూడదు. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే, కెటిల్‌లో పొర కరిగినట్టే నేల మెరుపూ కరిగిపోతుంది. సహజమైనది కదా అని తుడిచి నేలను పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న ద్రవం గానీ కలపకండి. మొదటిదానితో క్లోరిన్, రెండోదానితో క్లోరమిన్ అనే విషవాయువులు పుడతాయి.

అపోహ: డిటర్జెంట్ ఎక్కువ వేస్తే బట్టలు ఎక్కువ తెల్లబడతాయి.

వాస్తవం: మోతాదు మించినది నీళ్లలో జాడింపుతో పోక గుడ్డలోనే ఉండిపోతుంది. తువ్వాలు గరుకెక్కడానికి, తడవగానే ముక్కవాసన రావడానికి చాలాసార్లు అదే కారణం. పరీక్ష సులువు: ఉతికి ఆరిన తువ్వాలును బకెట్ గోరువెచ్చని నీళ్లలో వేసి గట్టిగా కలపండి. నురగ వస్తే ఇన్నాళ్లూ ఎక్కువ వేస్తున్నట్టు. తర్వాతి ఉతుకు డిటర్జెంట్ లేకుండా చేసి, అక్కడి నుంచి సగం కొలతతో మొదలుపెట్టి, మురికి పోకపోతేనే పెంచండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ తువ్వాలుకు అసలే వద్దు, పోగుల మీద జిడ్డు పొర పట్టి నీళ్లు పీల్చదు. సబ్బు తురిమి ఇంట్లోనే లిక్విడ్ చేసుకునే చిట్కా ఉప్పునీళ్లు వచ్చే ఇళ్లలో నష్టమే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లని మడ్డిగా మారి బట్టకు అంటుకుంటుంది.

అపోహ: వేడి పదార్థం పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలి.

వాస్తవం: వండినది రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. పెద్ద గిన్నెను అలాగే తోసేయడం మాత్రం తప్పే, మధ్యభాగం చల్లబడటానికి గంటలు పడుతుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది, పొగలు తగ్గగానే లోపల పెట్టేయండి. ఫ్రిజ్ 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 ఉంటే చాలు, అంతకన్నా దించితే కరెంటు వృథా. తలుపు రబ్బరు సరిగా పట్టేస్తోందా అని చూడటానికి కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ సందు ఉంది. ముందు సబ్బునీళ్లతో జిగురు కడిగి చూడండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది.

అపోహ: టోకున కొంటే ఎప్పుడూ లాభమే.

వాస్తవం: 20 శాతం తక్కువకు వచ్చిందని పెద్ద ప్యాకెట్ కొని అందులో ఐదో వంతు పారేస్తే, వాడుకున్న దాని ధర చిన్న ప్యాకెట్‌తో సరిగ్గా సమానం. అంతకు మించి పారేస్తే ఎదురు నష్టం. ప్యాకెట్ ధరను కాదు, కిలోకో లీటరుకో ఎంత పడిందో చూడండి. ‘ఫ్యామిలీ ప్యాక్’ అన్నంత మాత్రాన చవక కాదు. సబ్బులు, ఉప్పు, అగ్గిపెట్టెలు ఎక్కువ కొనొచ్చు. నూనె, పిండి, మసాలా పొడులు తెరిచిన దగ్గర్నుంచి పాతబడుతూ ఉంటాయి.

అపోహ: చుక్కలు చుక్కలుగా కారే కుళాయి వల్ల పోయేది ఏముంది?

వాస్తవం: సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా 21 లీటర్లు, ఒక బకెట్ పైనే. పాత తరహా తిప్పుడు కుళాయిలో సాధారణంగా అరిగేది లోపలి రబ్బరు వాషర్. మెయిన్ వాల్వ్ కట్టి, కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు పోనిచ్చి, పై భాగం రెంచితో విప్పి, వాషర్ మార్చి బిగించడమే. పాత వాషర్‌ను వెంట తీసుకెళ్లి అదే కొలతది కొనండి. మార్చినా కారుతుంటే వాషర్ కూర్చునే ఇత్తడి అంచు గీరుకుపోయి ఉంటుంది, అప్పుడు ప్లంబర్‌ను పిలవాల్సిందే.

అపోహ: పొదుపుగా బతికే ఇల్లు బోసిగానే ఉంటుంది.

వాస్తవం: బోసిగా ఉండటానికి డబ్బు లేకపోవడమే కారణం అనుకుంటారు గానీ, చాలాసార్లు కారణం నడినెత్తిన ఉన్న ఒకే ఒక్క తెల్లలైటు. బల్బు పెట్టె మీద 6500 కె అని ఉంటే అది తెల్లగా, 2700 కె అని ఉంటే పసుపు ఛాయతో వెలుగుతుంది. వాటేజీ ఒకటే అయితే బిల్లూ ఒకటే. 2700 కె బల్బు ఒకటి పెట్టిన దీపాన్ని కూర్చున్నవాళ్ల కంటికన్నా కిందుగా ఒక మూలన ఉంచి, సాయంత్రం పైలైటు ఆర్పేయండి. గది సంగతి పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది.

మనీప్లాంట్ కొనాల్సిన పనే లేదు, తీగ ఉన్నవాళ్లను ఒక ముక్క అడగండి. కణుపుకు వేలెడు కిందుగా కోసి, ఆ కణుపు నీళ్లలో మునిగేలా సీసాలో పెడితే కొద్ది వారాల్లో వేళ్లు వస్తాయి. కణుపు లేకుండా ఒక్క ఆకును పెడితే ఎన్నాళ్లయినా తీగ రాదు. నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి, లేకపోతే కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. నీళ్లలో పెట్టిన పూలకాడలకూ ఇదే జాగ్రత్త. పూలు వాడకుండా నీళ్లలో రాగి నాణెం వేయమంటారు గానీ, దానికన్నా రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, కాడ చివర కొంచెం కోయడం మేలు.

ఇక మధ్యలో పలచబడిన నూలు దుప్పటి. పడుకునే చోట అరుగుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. మధ్యలోంచి నిలువునా రెండుగా కోసి, బయటి గట్టి అంచులు రెండింటినీ ఒకదానిపై ఒకటి సెంటీమీటరు ఎక్కించి, పక్కపక్కన రెండు వరసలు కుట్టండి. మామూలుగా మడిచి కుడితే ఆ లావు వీపుకు తగులుతుంది. అరిగిన భాగం ఇప్పుడు పక్కలకు వెళ్లింది, దాన్ని మడిచి అంచు కుట్టేస్తే సరి. వెడల్పు కొద్దిగా తగ్గుతుంది కాబట్టి మంచానికి సరిగ్గా సరిపోయే దుప్పటికన్నా పెద్ద దుప్పటికే ఇది నప్పుతుంది. ఎలాస్టిక్ ఉన్నవాటికి కుదరదు. మళ్లీ చిరిగితే బాగున్న ముక్కలు దిండు గలీబులకు, మిగతావి తుడుపు గుడ్డలకు పనికొస్తాయి. పాలియెస్టర్ ఎక్కువగా కలిసిన గుడ్డ నీళ్లు సరిగా పీల్చదు, తుడవడానికని దాన్ని దాచుకోకండి.