పాత పంటిలో డి విటమిన్ లెక్క

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

వందల ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళకి ఏ విటమిన్ తక్కువైందో ఇప్పుడెలా తెలుస్తుంది, రక్తపరీక్ష చెయ్యలేం కదా అని అడిగారు. నిజమే, రక్తం మిగలదు. పళ్ళు మిగులుతాయి. ఇన్నేళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేసిన తాతయ్యని సరైన ప్రశ్నే అడిగారు!

డి విటమిన్ సంగతే చెప్తాను. ఒంటిమీద ఎండ పడితే చర్మంలో తయారయ్యేది ఇది. చాలకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. ఎదిగే పిల్లల్లో ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్ళు వస్తాయి. దాన్నే రికెట్స్ అంటారు.

మరి తవ్వకాల్లో దొరికిన ఎముకలు చూస్తే సరిపోదా? సరిపోదు. బతికున్నంతకాలం ఎముకలో పాతది కరిగిపోతూ కొత్తది చేరుతూ ఉంటుంది. రికెట్స్ నయమైన పిల్లవాడి కాళ్ళు పెద్దయ్యేసరికి తిన్నగా అయిపోవచ్చు. పంటికి ఆ వెసులుబాటు లేదు. పంటి పైన గట్టిగా ఉండే ఎనామిల్ కింద డెంటిన్ అనే భాగం పొరలు పొరలుగా ఏర్పడుతుంది, ఏర్పడిన పొర మళ్ళీ మారదు. విటమిన్ లోటున్న రోజుల్లో పడిన పొరలో అక్కడక్కడా ఖనిజం సరిగా చేరని చోట్లు ఉండిపోతాయి. పైగా ఏ పన్ను ఏ వయసులో తయారవుతుందో మాకు తెలుసు. శాశ్వత దంతాల్లో మొదటి దవడపన్ను మనం పుట్టే సమయానికే లోపల మొదలవుతుంది, జ్ఞానదంతం బడికి వెళ్ళే వయసులో. అందుకని, లోపం ఏ పొరలో ఉందో చూసి ఏ వయసులో జబ్బు చేసిందో చెప్పొచ్చు.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో లోరీ డోర్టెంజియో, మేగన్ బ్రిక్లీ, వాళ్ళ తోటివాళ్ళు కెనడాలోనే ఉన్న క్విబెక్ రాష్ట్రంలోనూ ఫ్రాన్స్‌లోనూ శ్మశానాల్లో దొరికిన పళ్ళని ఇలాగే చదివారు. 24 ఏళ్ళకి చనిపోయిన ఒకతనికి 13 ఏళ్ళు నిండేలోపు నాలుగుసార్లు రికెట్స్ వచ్చిందని 2016లో చెప్పారు. అతను ఎవరో తెలియదు గానీ చిన్నతనంలో పడిన అవస్థ తెలిసింది.

కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఆ పొరలు కనిపించాలంటే పంటిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. కోసిన పన్ను మళ్ళీ రాదు. అది ఒక మనిషిది కూడా. దొరికిన ప్రతి పన్నునీ కోసుకుంటూ పోవడం నాకైతే నచ్చదు.

అందుకే 2017లో వాళ్ళు చెప్పిన రెండో సంగతి నాకు ఇంకా బాగా నచ్చింది. కొయ్యక్కర్లేదు, ముందు మామూలు ఎక్స్‌రే తియ్యండి అన్నారు. పంటి మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్ గది ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా పెరిగిన పంటిలో అది కమానులా ఉండి, పైన పిల్లి చెవుల్లా రెండు మొనలు ఉంటాయట. డి విటమిన్ బాగా లోపించిన పంటిలో ఆ గది ఇరుకై, ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా, కుర్చీ ఆకారంలో కనిపిస్తుందట. పిల్లీ కుర్చీ పోలికలు నావి కావు, వాళ్ళవే! ఎక్స్‌రేలో అనుమానం వచ్చినవాటినే కోసి చూస్తే చాలు, మిగతావి భద్రంగా ఉంటాయి.

అలాగని కుర్చీ కనిపించగానే తీర్పు చెప్పెయ్యకూడదు. వయసు పెరిగేకొద్దీ లోపల కొత్త డెంటిన్ చేరి ఆ గది ఎవరికైనా చిన్నదవుతుంది. పుచ్చినా, బాగా అరిగినా అంతే. ఎక్స్‌రే అనుమానం వరకే, రుజువు మైక్రోస్కోపుదే.

ఈ పద్ధతి బతికున్నవాళ్ళకీ పనికొస్తుంది. ఎండకి కొదవలేని మన దేశంలోనూ డి విటమిన్ లోటు మామూలైపోయింది. ఈసారి పళ్ళ డాక్టరు మీకు ఎక్స్‌రే తీస్తే ఒకసారి చూపించమని అడగండి. దవడపంటి మధ్యలో ఆ నల్లటి ఆకారం ఎలా ఉందో బొమ్మ గీసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య