రైతు కంపెనీల విజన్: అపోహలు - వాస్తవాలు

రైతులే సభ్యులై నడుపుకునే రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఏ జిల్లాకు వెళ్ళినా టీ విరామంలో ఎవరో ఒకరు ఫోన్ చేతికిచ్చి అడుగుతారు: "సార్, ఇది మా విజన్. ఇంకేమైనా కలపాలా?" విజన్ అంటే కంపెనీ ఏం సాధించాలనుకుంటోందో చెప్పే వాక్యం. చూస్తే, "సభ్య రైతుల సర్వతోముఖాభివృద్ధి" అని ఉంటుంది. ఇక కలపడానికి ఏం మిగిలింది?

అపోహ: విజన్‌లో అన్నీ ఉండాలి, ఏదీ వదలకూడదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. రిజిస్ట్రేషన్‌కి మెమోరాండంలో, అంటే కంపెనీ స్థాపన పత్రంలో, లక్ష్యాల క్లాజు రాస్తారు కదా, రేపు ఏ వ్యాపారం పెట్టుకున్నా అడ్డు రాకూడదని దాన్ని కావాలనే విశాలంగా రాస్తారు. అది సరైన పద్ధతే. అందులోంచే రెండు వాక్యాలు తీసి విజన్ అని గోడకు తగిలించడంతో చిక్కు మొదలవుతుంది. ఏమేం చేయొచ్చో మెమోరాండం చెబుతుంది. ముందు ఏది చేయాలో, దేన్ని వదులుకోవాలో విజన్ చెప్పాలి.

గుంటూరు వైపు ఒక మిర్చి కంపెనీ బోర్డులో కూర్చున్నాను. ఉన్న డబ్బు ఒక్క పనికే వస్తుంది. ఎరువుల దుకాణమా, కళ్ళం దగ్గర తూకం, గ్రేడింగా? రెండు పక్షాలూ ఆ సర్వతోముఖాభివృద్ధినే చూపించి వాదించాయి. మధ్యాహ్నం దాకా ఏదీ తేలలేదు. అప్పుడొక డైరెక్టరమ్మ అంది: "టిక్కీకి (మిర్చి బస్తాకి) ఎంత తరుగు తీస్తారో యార్డుకి పోయేదాకా మాకు తెలీదు. నా బాధ అదీ." అక్కడికక్కడే దాన్నే విజన్‌గా రాసుకున్నారు: "మా సభ్యుల కాయ కళ్ళంలోనే తూకమై, తాలు వేరై, తేమ ఎంతో రైతుకి తెలిశాకే అమ్మకానికి పోవాలి." దుకాణం ఆ ఏడాదికి ఆగింది. కాటా, తేమ మీటరు కొన్నారు. దుకాణమే కావాలన్న చైర్మన్ గారు కూడా తీర్మానం మీద సంతకం పెట్టారు.

పెద్ద సంస్థల్లోనూ ఇంతే. మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో పెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి లక్ష్యం, నివారించగల అంధత్వాన్ని లేకుండా చేయడం. తామే అందరికన్నా పెద్ద ఆసుపత్రి కావాలనుకునేవాళ్ళు తమ పద్ధతులను పక్క ఆసుపత్రులకు నేర్పరు. అరవింద్ వాళ్ళు నేర్పారు, 1992లో దానికోసం లైకో అనే సంస్థనే పెట్టారు. కంట్లో అమర్చే దిగుమతి లెన్సుల ధర పేదలకు అందడం లేదని అదే ఏడాది ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేశారు. ఆసుపత్రికి ఫ్యాక్టరీ ఎందుకంటే, జవాబు ఆ లక్ష్యంలోనే ఉంది.

మిగతా అపోహల గురించి రెండు ముక్కలు చాలు. విజన్ కాగితం లేకపోతే రిజిస్ట్రేషన్ పోతుందన్నది వాట్సాప్ పుకారు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి. కంపెనీల చట్టం అడిగేది మెమోరాండం, కంపెనీ లోపలి నియమాలుండే ఆర్టికల్స్. ఇంగ్లీషులో ఉండాలన్న నియమమూ లేదు. బోర్డులో ఒక్కరికి అర్థం కాకపోయినా ఆ వాక్యం పనికిరాదు.

కొత్తగా సీఈఓలుగా చేరిన పిల్లలు రాత్రిపూట కంగారుగా ఫోన్ చేస్తుంటారు, మంచి ఫార్మాట్ పంపమని. ఫార్మాట్ అక్కర్లేదు నాయనా. పోయిన ఏడాది మినిట్స్ పుస్తకం, అదే బోర్డు నిర్ణయాలు రాసే పుస్తకం, తెరిచి చూడు. మీ విజన్‌కి సరిపడదని కాదనుకున్న ప్రతిపాదన ఒక్కటైనా కనిపించకపోతే, సభ్యుల కళ్ళాల దగ్గరికి వెళ్ళి వాళ్ళకి ఎక్కడ నష్టం జరుగుతోందో అడిగి, వచ్చే బోర్డు మీటింగ్ లోపు తిరగరాయి.