మేకు అక్కర్లేని కొడతి

ఉలిని ఇనుప సుత్తితో కొడుతూ ఉంటే కొన్నాళ్లకే దాని పిడి పైభాగం చీపురుకట్టలా విచ్చుకుంటుంది. ఇనుము గట్టిది, ముఖం చిన్నది. దెబ్బంతా రెప్పపాటులో పావలా బిళ్లంత చోట దిగుతుంది. అదే ఊపుతో కొయ్య తగిలితే, అది తానూ పిసరంత నొక్కుకుపోతుంది. దెబ్బ కాస్త ఎక్కువ సేపు సాగుతుంది, బలం కాస్త ఎక్కువ మేర పంచుకుంటుంది. ఉలి అంతే దిగుతుంది, పిడి మాత్రం బతుకుతుంది. అందుకే వడ్రంగి సంచిలో ఇనుప సుత్తి పక్కన కొయ్యతోనే చేసిన కొడతి కూడా ఉంటుంది.

అలాంటిది ఒకటి కరెంటు మిషన్ ముట్టుకోకుండా చేద్దామనుకున్నాను. రంపం, ఉలి, చిత్రిక, బరమా, మూలమట్టం చాలు. కొయ్య కోసం తిరుపతిలో వెతుక్కోవాల్సిన పని లేదు. ఏ మటన్ అంగడి ముందు నిలబడినా జవాబు కనిపిస్తుంది. కత్తి ఎన్నేళ్లు పడినా చీలని ఆ మొద్దు చింతదే. చింతలో నారలు తిన్నగా సాగవు, ఒకదాన్నొకటి పెనవేసుకుని పోతాయి. చీలిక ఒక దారి పట్టుకుని పోదామంటే దారి దొరకదు. బరువూ ఎక్కువే. 15 సెం.మీ. పొడవు, 10 ఎత్తు, 7 మందం ఉన్న దిమ్మ టేకులో 700 గ్రాములు కూడా తూగదు, చింతలో కిలోకి దగ్గరగా వస్తుంది. ఎర్రచందనం ఇంకా బరువు, నీళ్లలో వేస్తే మునుగుతుంది. మన శేషాచలం కొండల చెట్టే అయినా దాని ఊసు ఎత్తకపోవడమే మంచిది!

వానలకు విరిగిపడిన చింతకొమ్మ ఒకటి దొరికింది. గుండ్రంగా ఉన్న ముక్కను అలాగే కోసి, తొందరగా ఎండుతుందని మిద్దె మీద పెట్టాను. రెండు వారాలకు చూస్తే నడిమధ్య నుంచి బెరడు దాకా రూపాయి బిళ్ల దూరేంత పగులు. మా వీధి చివర ఆచారికి చూపిస్తే ఆయన నవ్వాడు. "పచ్చి మొద్దును తీసుకపోయి ఎండలో పెడితే పగలక ఏం చేస్తాది నాయనా?"

ఎందుకు పగులుతుందో కాస్త నిదానంగా చూడాలి. కొయ్యంటే పక్కపక్కన కట్టిన సన్నటి గొట్టాల మోపు. పచ్చిగా ఉన్నప్పుడు గొట్టాల లోపలా నీరుంటుంది, గోడల్లోనూ ఉంటుంది. లోపలి నీరు పోయినంత సేపు ఆకారం మారదు. తేమ దాదాపు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అసలు ముడుచుకోవడం అప్పుడే. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. టేకునే తీసుకోండి. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5.8 శాతం, మధ్య నుంచి బెరడు వైపు 2.5 శాతం తగ్గుతుంది. పొడవులో తగ్గేది లెక్కలోకి రానంత. అంటే మొద్దు చుట్టుకొలత తగ్గినంతగా వ్యాసం తగ్గదు. బొజ్జ తగ్గకుండా మొలతాడు బిగిసినట్టే. ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. దానికి తోడు, కోసిన కొసల దగ్గర గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి తేమ అక్కడి నుంచి పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ఎండి ముడుచుకుంటానంటుంది, లోపలి భాగం ఇంకా పచ్చిగా ఉండి ఒప్పుకోదు.

రెండోసారి నడిమి బెండు రాకుండా పక్క నుంచి దిమ్మ కోసి, రెండు కొసలకూ మైనం పూసి, ఏడాది పాటు నీడలో వదిలేశాను. ఈసారి పగల్లేదు.

దిమ్మలో నారలు ఒక కొట్టే ముఖం నుంచి రెండో ముఖం దాకా పొడవునా సాగాలి. నారలు కొసతో దెబ్బను బాగా ఓర్చుకుంటాయి, పక్క నుంచి కొడితే నలిగిపోతాయి. పిడికి పాత గుమ్మం టేకు దొరికింది. తుమ్మ అయితే ఇంకా బాగుండేది. దిమ్మలో పిడి దూరే బెజ్జాన్ని పైనా కిందా రెండు వైపులా గీసుకుని, బరమాతో వరుసగా తూట్లు వేసి, ఉలితో రెండు వైపుల నుంచీ మధ్యకు రావాలి. ఒకే వైపు నుంచి తొలుచుకుపోతే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. ఉలి కొట్టడానికి కొడతి కావాలి కదా, నేను కొడతే చేస్తున్నాను! విరిగిన రోకలి ముక్కతో సరిపెట్టుకున్నాను.

అసలు కిటుకు ఆ బెజ్జంలోనే ఉంది. కింద 4 సెం.మీ. వెడల్పు, పైన 4.6. పిడి కూడా అదే వాలుతో పైకి వెడల్పవుతుంది. పిడి సన్నటి కొసను పై నుంచి దూర్చి కిందికి లాగితే తల బిగుసుకుంటుంది. మేకు లేదు, జిగురు లేదు. కొట్టిన ప్రతిసారీ తల బయటికి పోదామని చూస్తుంది. మోచేతి నుంచి తల దాకా 60 సెం.మీ., వేగం సెకనుకు 5 మీటర్లు అనుకుంటే, 900 గ్రాముల తల దాదాపు నాలుగు కిలోల బరువు వేలాడదీసినంతగా లాగుతుంది. పైకి పోదామంటే పిడి అక్కడ వెడల్పు. పోయే కొద్దీ బిగుస్తుంది.

ఎండాకాలం సంగతి ఇంకా తమాషా. తలలో నారలు పొడవునా ఉన్నాయి కాబట్టి ఆ దిశలో బెజ్జం కొలత మారదు. పిడి నారలు నిలువుగా ఉన్నాయి కాబట్టి దాని వెడల్పు మారుతుంది. తేమ నూటికి ఆరు పాళ్లు తగ్గిందనుకుంటే నాలుగు సెంటీమీటర్ల టేకు పిడి దాదాపు అర మిల్లీమీటరు సన్నబడుతుంది. మామూలు సుత్తి అయితే తల లొడలొడలాడాలి. ఇక్కడ లెక్క ప్రకారం తల ఎనిమిది మిల్లీమీటర్లు పైకి జరిగి మళ్లీ పట్టుకోవాలి. అందుకే పిడిని పైన ఒక అంగుళం ఎక్కువ వదిలాను.

కొట్టే ముఖాలను నిలువుగా కోయకూడదు. చెయ్యి తిరిగేది మోచేతి చుట్టూ కాబట్టి, అక్కడి నుంచి గీత గీస్తే ముఖం ఆ గీత వెంట ఉండాలి. నా కొలతలకు ఏడు డిగ్రీల వాలు వచ్చింది. భుజం నుంచి కొట్టేవాళ్లకు అయిదు చాలు.

నవంబరు వానల్లో తల పైఅంచు దగ్గర పిడి మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. మే నెలలో చూస్తే గీత కనపడలేదు. తల దాన్ని దాటి పైకి జరిగిపోయింది. పిడి కింది కొసను నేలకేసి తడితే గానీ తల ఊడి రాలేదు. గీత బెజ్జం లోపల, అంచుకు అయిదు మిల్లీమీటర్ల కింద ఉంది.