ఇన్‌కమ్ ట్యాక్స్ ఎత్తేస్తున్నారట కదా! అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మనవాళ్ళకి ట్యాక్స్ రిటర్నులు చేసిపెట్టడం నా పని. జనవరి వచ్చిందంటే డబ్ల్యూ-2ల (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్ను లెక్క కాగితాలు) కంటే ముందు వాట్సాప్ ఫార్వర్డులు వస్తాయి. "ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) మూసేస్తున్నారు, ఇక అంతా సేల్స్ ట్యాక్సే" అని. దాని కింద ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "అన్నా, అయితే ఈసారి ఫైల్ చెయ్యాలా?"

చెయ్యాలి.

అపోహ: బిల్లు పెట్టారంటే పన్ను పోయినట్టే.

ఆ ఫార్వర్డుల వెనక ఉన్నది ఫెయిర్‌ట్యాక్స్ బిల్లు: ఇన్‌కమ్ ట్యాక్స్ తీసేసి, దేశమంతటా సేల్స్ ట్యాక్స్ పెట్టాలనేది. అది కొత్తదేం కాదు. అమెరికా ప్రతినిధుల సభలో జార్జియా సభ్యుడు జాన్ లిండర్ 1999లో మొదటిసారి పెట్టారు. 2023లో, మళ్ళీ 2025లో అదే రాష్ట్రం నుంచి బడ్డీ కార్టర్ పెట్టారు. ఇన్నేళ్ళలో ఏ సభా దాన్ని పాస్ చెయ్యలేదు. పైగా ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ఆధారమైన రాజ్యాంగ 16వ సవరణ (1913 నాటిది) ఏడేళ్ళలో రద్దు కాకపోతే కొత్త సేల్స్ ట్యాక్సే ఆగిపోతుందని ఆ బిల్లులోనే ఉంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ పేజీ దాకా చదవరు.

టెక్సస్‌లో ఒక అబ్బాయి. హెచ్1బీ వర్క్ వీసా, పెళ్ళి కాలేదు, జీతం ఏడాదికి లక్షా పదివేల డాలర్లు. 2023 జనవరిలో ఈ గొడవ మొదలవగానే రూమ్మేట్ మాట నమ్మి, పేరోల్ పోర్టల్‌లో డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత పన్ను పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారం) మార్చి 'ఎగ్జెంప్ట్', అంటే పన్ను పట్టుకోవద్దు, అని పెట్టేశాడు. కిందటేడు పన్ను పడనివాళ్ళు, ఈ ఏడూ పడదనుకునేవాళ్ళు మాత్రమే పెట్టుకోవాల్సిన మాట అది. చేతికొచ్చే జీతం పెరిగింది. అదంతా ఊళ్ళో చెల్లెలి పెళ్ళికి పంపేశాడు. మరుసటి మార్చిలో నా ముందు కూర్చున్నాడు. ఫెడరల్ ట్యాక్స్ 16,476 డాలర్లు, కట్టింది సున్నా. అండర్‌పేమెంట్ పెనాల్టీ అదనం.

"అన్నా, డబ్బు లేదు. ఫైల్ చెయ్యకుండా కొన్నాళ్ళు ఆగనా?" అన్నాడు. చెయ్యి వణుకుతోంది పాపం. అక్కడే గట్టిగా చెప్పాను, మీకూ అదే చెప్తున్నా. ఫైల్ చెయ్యకపోతే కట్టాల్సినదాని మీద నెలకు 5 శాతం, 25 దాకా పెరుగుతుంది. ఫైల్ చేసి కట్టలేకపోతే నెలకు అర శాతం, పైన వడ్డీ. అంటే చేతిలో డాలర్ లేకపోయినా ముందు ఫైల్ చెయ్యడమే చవక. ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) ఇచ్చేది రిటర్ను ఫైల్ చెయ్యడానికే, డబ్బు కట్టడానికి కాదు. గడువులోపు ఫైల్ చేశాం, ఐఆర్ఎస్ సైట్‌లోనే వాయిదాలు పెట్టుకున్నాం. బాకీ 50 వేల లోపైతే చాలామందికి ఆ దారి ఉంటుంది. భయపడి దాక్కోవద్దు.

అపోహ: కొత్త సేల్స్ ట్యాక్స్ 23 శాతమే కదా, నాకు లాభమే.

ఆ 23 ఎక్కడి లెక్కో చూడండి. వంద డాలర్ల వస్తువు కౌంటర్ దగ్గర 130 అవుతుంది. ఆ 130లో పన్ను 30 కాబట్టి 23 శాతం అంటారు. మన జీఎస్టీలాగా, ఇక్కడి రాష్ట్రాల సేల్స్ ట్యాక్స్‌లాగా ధర మీద లెక్కేస్తే ఇది 30 శాతం. అబద్ధం కాదు, కానీ వినేవాళ్ళు వేరేలా అనుకుంటారని చెప్పేవాళ్ళకి తెలుసు. బట్టలు, కిరాణా మాత్రమే కాదు, డాక్టరు ఫీజు, అద్దె కూడా ఇందులోకొస్తాయి. కొత్త ఇంటికి పడుతుంది, పాత ఇంటికి పడదు. మనవాళ్ళకేమో కొత్త కన్‌స్ట్రక్షనే కావాలి! బిల్డరు ధర తగ్గించకపోతే 5 లక్షల డాలర్ల ఇంటి మీద లక్షన్నర పన్ను. అయితే న్యాయంగా రెండోవైపూ చెప్పాలి: జీతంలోంచి పోయే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా ఈ బిల్లులో పోతాయి. సంపాదనలో ఎక్కువ భాగం దాచేవాళ్ళకి లాభమే. వచ్చినదంతా ఖర్చయిపోయే కుటుంబానికి లెక్క వేరు.

అపోహ: నెలనెలా ప్రీబేట్ (కనీస ఖర్చుల మీద పడే పన్నుకి బదులు ప్రభుత్వం ముందే ఇచ్చే డబ్బు) అందరికీ వస్తుంది.

కుటుంబంలో సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటామని బిల్లు అంటోంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉండి, ఈఏడీ (పని చేసుకునే అనుమతి) లేని భార్యకి ఉండేది ఐటీఐఎన్, అంటే పన్ను పనికి మాత్రమే ఇచ్చే నంబరు. ఇండియాలో పుట్టి హెచ్4 మీద వచ్చిన పిల్లలదీ అంతే. షాపులో పన్ను మాత్రం వాళ్ళూ కడతారు. ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు.

మిగతావి గబగబా. రాత్ ఐఆర్ఏలో (రిటైర్‌మెంట్ ఖాతా) దాచింది పన్ను కట్టిన డబ్బే అయినా, ఖర్చు పెట్టేటప్పుడు ఈ పన్ను మళ్ళీ పడుతుంది. అలాగని పుకారు విని ఇప్పుడు ఖాతాలు ఖాళీ చెయ్యకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోతే ఇండియా బ్యాంకు ఖాతాలు చూపించక్కర్లేదా? విదేశీ ఖాతాలు చూపించే ఎఫ్‌బార్ వచ్చింది బ్యాంక్ సీక్రెసీ చట్టం కింద, ట్యాక్స్ చట్టం కింద కాదు. అది ఉంటుంది.

ఇది చదవడం అయ్యాక ఒకసారి పే స్టబ్ (జీతం చీటీ) తెరిచి 'ఫెడరల్ విత్‌హోల్డింగ్' (జీతంలోంచి ముందే పట్టుకున్న పన్ను) గీత చూడండి. అక్కడ సున్నా కనబడితే, ఎందుకో మీకే తెలియకపోతే, రేపటి దాకా ఆగకుండా ఇవాళే డబ్ల్యూ-4 మార్చుకోండి. ఆ అబ్బాయికి ఏడాది పొడవునా ఆ గీత ఎదురుగానే ఉంది.